ఎండా, కల్లుకుండా: మైపాడు తీరంలో తాటికల్లు చరిత్ర

మైపాడు వైపు వెళ్లే దారిలో తాటిచెట్లను మన పిల్లలందరూ చూసే ఉంటారు. మన యానాది ఇళ్లలో కల్లు మాట వస్తే పెద్దవాళ్లు మురిపెంగా చెప్పుకుంటారు, చదువుకున్న మనం తలవంచుకుంటాం. కల్లునీ సారానీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ సిగ్గు అని మాకు అనిపిస్తుంది. ఆ రెండూ ఎక్కడ వేరవుతాయో తెలియాలంటే ముందు ఎండ సంగతి తెలియాలి.

చెట్టెక్కి కల్లు గీసే వృత్తి మనది కాదు, ఈడిగలది. గీత కార్మికుడు పూగెల కొసను రోజూ పలచగా కోసి కుండ కడతాడు. కారే నీరు తియ్యగా ఉంటుంది, అందులో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెరే. కుండ గోడలకు అంటుకున్న పాత కల్లులోనూ, గాలిలోనూ ఉండే ఈస్టు, సూక్ష్మజీవులు మొదటి చుక్క పడ్డప్పటి నుంచే పని మొదలుపెడతాయి. వేడి పెరిగేకొద్దీ వాటి పని వేగం పెరుగుతుంది. పైగా పులిసేటప్పుడు కల్లు తనంతట తానే వేడెక్కుతుంది. అందుకే రాత్రంతా చల్లగాలిలో నిండి తెల్లవారకముందు దింపిన కల్లు తియ్యగా ఉంటుంది. అదే కల్లు మధ్యాహ్నానికి నురుగుకట్టి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులుపు తిరిగి చివరికి వెనిగర్ దారి పడుతుంది. రోహిణి కార్తె ఎండలో ఈ మార్పు ఇంకా తొందరగా జరుగుతుంది.

చల్లటి దేశాల వాళ్లకూ ఈ బాధ ఉండేది. ఏల్ అనే బీరు బాగా పులియాలంటే సుమారు 18 నుంచి 22 డిగ్రీలు చాలు. ఎండాకాలపు బీరు చెడిపోతోందని 1553లో జర్మనీలోని బవేరియా పాలకుడు ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా బీరు కాయడమే మానిపించాడు. మనకు ఆ వీలు లేదు, తాడి పారేదే ఎండాకాలంలో! మట్టికుండ చెమర్చి కొంత చల్లబరుస్తుంది. మిగతాదంతా వేళ చూసుకోవడమే: పెందలాడే దింపాలి, నీడన పెట్టాలి, ఆ పూటకే తాగేయాలి.

అసలు పులియకూడదనుకుంటే కుండ లోపల సున్నం పూస్తారు. సున్నం ఘాటుకు సూక్ష్మజీవులు పనిచేయలేవు. అప్పుడది నీరా, కాస్తే తాటిబెల్లం. దొరల ప్రభుత్వం 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం తెచ్చాక ఈ సున్నమే సరిహద్దు అయింది. సున్నం ఉంటే తీపి కల్లు, లేకుంటే సర్కారు లెక్కలోకి వచ్చే మత్తు. చెట్టు ఒకటే, నీరు ఒకటే.

1948 అక్టోబరు 2న మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది, నెల్లూరు అప్పుడు అందులోదే. గీత కార్మికుల బతుకుతెరువు పోయిందని గౌతు లచ్చన్న వంటివారు పోరాడారు. ఆంధ్ర రాష్ట్రంలో 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది కూడా నిషేధం వివాదంలోనే.

ఇక సారా. కల్లు నిలవ ఉండదు కాబట్టి అది పుట్టిన చెట్టుకు దూరం వెళ్లలేదు. చెట్టు ఎంత ఇస్తే అంతే, కాలం అయిపోతే అదీ లేదు. బట్టీలో దిగిన సారాకు ఎండ భయం లేదు. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లలోకి ఎక్కాక ఏ కాలంలోనైనా, ఏ గూడెంలోనైనా అప్పు మీద దొరికే సరుకైంది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే కరిగిపోయింది. వెట్టిలో, అప్పుల్లో ఉన్న మనవాళ్లకు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. కల్లు మంచిదని మేం అనడం లేదు. తాగితే అదీ మత్తే, ఇల్లు గుల్లచేసే శక్తి దానికీ ఉంది. కానీ దానికి ఎండే ఒక కట్టుబాటు పెట్టింది. సారాకు అలాంటి కట్టుబాటు ఏదీ లేదు.

ఆ కట్టుబాటును చివరికి ఆడవాళ్లు పెట్టారు. 1992లో మన జిల్లాలోనే దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వెళ్లిన రోశమ్మా ఆమె తోటి మహిళలూ సారా అంగడిని ఊళ్లోంచి వెళ్లగొట్టారు. ఉద్యమం జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. వాళ్ల కోపం సారా ప్యాకెట్ మీద, అది తెచ్చే కాంట్రాక్టర్ మీద.