బెంగళూరు బ్లూ ద్రాక్ష, ఎర్ర వైన్

బెంగళూరు బ్లూ అంటే, తెలుగు మాట బాగా వినిపించే కోలారు, చిక్కబళ్ళాపురం ప్రాంతాల్లోనూ, బెంగళూరు చుట్టుపక్కలా పండే ముదురు ఊదారంగు ద్రాక్ష. అమెరికా, యూరప్ జాతుల సంకరమైన ఇసబెల్లా కుటుంబానిది. 2013లో భౌగోళిక గుర్తింపు పొందింది. తొక్క మందం, గింజ ఉంటుంది. తినడం కన్నా రసానికి, జామ్‌కు, వైన్‌కు ఎక్కువ వాడతారు.

రంగంతా తొక్కలోనే ఉంటుంది, గుజ్జు దాదాపు తెల్లనే. అందుకే ఎర్ర వైన్‌కు పళ్ళను చిదిపి, తొక్కలతో సహా పులియబెడతారు. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. లీటరుకు సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాలు అవుతుంది. వాయువుతో పైకి తేలిన తొక్కల తెట్టును రోజూ కిందికి అదమాలి. లేకపోతే రంగు దిగదు, పైన పులుపెక్కి వెనిగర్ వాసన పట్టే ప్రమాదమూ ఉంది. తర్వాత పిండి, మడ్డి తేర్చి, నిల్వ చేస్తారు.

వైన్ రుచికి తీగ వయసునూ లెక్కలోకి తీసుకుంటారు. ముదురు తీగకు కాపు తగ్గుతుంది, వేళ్ళు లోతుకు దిగుతాయి. దాంతో రసం చిక్కబడుతుందని వైన్ తయారీదారుల నమ్మకం. అయితే ఈ ద్రాక్షకున్న ఘాటైన పండు వాసన, మిథైల్ ఆంథ్రనిలేట్ వల్ల వచ్చేది, తీగ వయసుతో పోయేది కాదు. సుకుమారమైన వైన్ ఆశించేవారికి అది కాస్త మోటుగానే తోస్తుంది. తియ్యటి వైన్‌లో మాత్రం చక్కగా ఒదుగుతుంది.

ఇక సాగు సంగతికొస్తే, అనంతపురం జిల్లా రాయదుర్గం వంటి కరువు మెట్టలో ద్రాక్షతోటకు బోరు, డ్రిప్పు తప్పనిసరి. అనంతపురం ప్రాంతపు సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే.