మన జిల్లా గీతలు – మారిన తీరు



‘శ్రీకాకుళం జిల్లా’ అనే మాట మనం అనుకున్నంత పాతది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా శ్రీకాకుళం పట్టణం గంజాం జిల్లాలో ఉండేది. ఆనాడు గంజాం ఒరిస్సాకు పోగా, ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు చీపురుపల్లి అటు వెళ్లింది. మన పొందూరు ఇటే నిలిచింది.

నేను రెవెన్యూ శాఖలో చేరిన కొత్తలో ఈ గీతలు పటానికే పరిమితం అనుకునేవారు చాలామంది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాక గుమాస్తా ఉద్యోగానికి జిల్లాయే స్థానిక కేడరు అయింది. అందువల్ల జిల్లా విడిపోతే సీనియారిటీ జాబితా కూడా విడిపోయేది. ప్రమోషను, బదిలీ, పిల్లల చదువు అన్నీ ఆ గీతతో ముడిపడ్డాయి.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. మనకు దగ్గరి రాజాం, సంతకవిటి విజయనగరం జిల్లాలో చేరాయి. లావేరు, రణస్థలం వారు మాత్రం విజయనగరం లోక్‌సభ స్థానానికి ఓటు వేస్తారు, అర్జీ శ్రీకాకుళం కలెక్టరుకు పెట్టుకుంటారు.

నగరాల గీత మరొకటి. 1978లో ఏర్పడిన వుడా విశాఖ జిల్లా దాటి విజయనగరం పట్టణాన్నీ తన పరిధిలోకి తీసుకుంది. 2018లో అది మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ అయింది. విశాఖ కోసం తలపెట్టిన కొత్త విమానాశ్రయం ఉన్న భోగాపురం కూడా విజయనగరం జిల్లాలోనిదే. అలాంటి చోట స్థలం కొనేవారు లేఅవుటు అనుమతి అభివృద్ధి సంస్థ దగ్గర, భూమి రికార్డు తహసీల్దారు దగ్గర చూసుకోవాలి.

కనుక నా మనవి ఒక్కటే. శ్రీకాకుళం పట్టణపు పాత దస్తావేజులో విశాఖపట్నం జిల్లా అనో, గంజాం జిల్లా అనో ఉంటే మన పిల్లలు తప్పుపడిందని కంగారుపడతారు. మీ ఊరు ఏ సంవత్సరం ఏ జిల్లాలో ఉండేదో ఒక కాగితం మీద రాసి, ఆ దస్తావేజులతోనే భద్రపరచండి. ఆ వివరం నోటితో చెప్పగలిగిన తరం మనదే.