గుల్లల దిబ్బలు చెప్పిన అండమాన్ చరిత్ర

క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ తూర్పు సముద్రంలో నరమాంసం తినేవారి దీవులున్నాయని రాశాడు. 13వ శతాబ్దం చివర మార్కోపోలో అండమాన్ వాసులకు కుక్క తలలుంటాయన్నాడు. నావికుల నోట విన్న కథలే ఇవి. అయినా వందల ఏళ్లపాటు ఈ దీవుల చరిత్రగా చెలామణి అయ్యాయి.

వాటిని సరిచూద్దామంటే గ్రీసులోలాగా ఇక్కడ రాతి స్తంభాలు, కూలిన కోవెలలు లేవు. అండమానీలు కర్రలతో, ఆకులతో గుడిసెలు వేసుకున్నారు. శాసనాలు వేయించలేదు. వారి గతాన్ని దాచిపెట్టింది వారు తిని పారేసిన గుల్లలే.

1858లో బ్రిటిష్‌వారు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టాక పరిశోధకుల రాకపోకలు మొదలయ్యాయి. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన ఫెర్డినాండ్ స్టోలిచ్‌కా ఇక్కడి గుల్లల దిబ్బల గురించి 1870లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. అవి అలలు పోగుచేసినవి కావు, మనుషుల వంటల తాలూకు మిగుళ్లు. మన ఊళ్ల పాటిదిబ్బల్లాగే తరతరాల బతుకు అక్కడ పొరలు పొరలుగా పేరుకుంది.

1950లలో ఇటలీ మానవశాస్త్రవేత్త లిదియో చిప్రియాని లిటిల్ అండమాన్‌లో ఇలాంటి దిబ్బలను పరిశీలించాడు. ఆ తర్వాత పురావస్తు శాస్త్రవేత్త జరీన్ కూపర్ దక్షిణ అండమాన్‌లోని చౌల్‌దారీ దిబ్బను శాస్త్రీయంగా తవ్వించారు. రేడియో కార్బన్ పరీక్షలో దాని వయసు సుమారు 2,200 ఏళ్లని తేలింది. అంటే టాలెమీ కలం పట్టకముందే ఇక్కడ పొయ్యిలు వెలిగాయి. గుల్లలతోపాటు పంది ఎముకలు, చేపల ఎముకలు, కుండ పెంకులు దొరికాయి. మడ అడవిలో ఏరుకున్నదేమిటో, అడవిలో వేటాడినదేమిటో, ఎలాంటి కుండలో వండుకున్నారో ఆ పొరలు చెబుతాయి. నరమాంసం తిన్నారనడానికి నమ్మదగిన ఆధారం మాత్రం ఇప్పటికీ లేదు.

స్థావరం వచ్చాక సోకిన రోగాలతో, ఘర్షణలతో గ్రేట్ అండమానీ తెగలు చాలావరకు అంతరించాయి. ఒకప్పుడు వేలల్లో ఉన్నవారు ఇవాళ వందమంది కూడా లేరు. పోయినవారి తరఫున మాట్లాడేవి ఈ దిబ్బలే. ఒక్కసారి చెదిరితే పొరల వరస మళ్లీ రాదు, వరస పోతే కాలం లెక్క పోతుంది. కోటలకూ గుళ్లకూ ఇచ్చే రక్షణ ఈ గుల్లల కుప్పలకూ దక్కాలి. ఈ దీవుల గురించి బయటివారు రాసిన మాటలకు దీవివాసులు ఇచ్చిన జవాబు వాటిలోనే ఉంది.