ఆంగ్ల వాక్యమున విరామచిహ్నములు, సర్వనామాన్వయము

వ్రాసినవాడు ఎదుట లేనప్పుడు చదువరికి వాక్యమొక్కటే దిక్కు. ముఖాముఖి సంభాషణలో అర్థము సందేహాస్పదమైనచో మరల అడిగి తెలిసికొనవచ్చును. కంఠస్వరమును, కనుసన్నయు, చేతి సైగయు తోడ్పడును. వ్రాతలో ఆ సహాయములన్నియు తొలగిపోవుటచేత, మాట ఎచ్చట ఆగినది, ‘అతడు’ అనినచో ఎవ్వడు అను రెండు ప్రశ్నలకును సమాధానము వాక్యములోననే దొరకవలెను. మొదటి ప్రశ్నకై విరామచిహ్నములును, రెండవదానికై సర్వనామ నియమములును ఆంగ్లభాషలో ఏర్పడిన క్రమమును పరిశీలించినచో, అవి రెండును అన్వయస్పష్టత యను ఒక్క ధర్మమునకే కట్టుబడియున్నవని తేటపడును.

ప్రాచీన గ్రీకు, లాటిను లేఖకులు పదముల నడుమ ఎడము విడువక వ్రాసెడివారు. మన తాళపత్రములను చదివినవారికి ఆ శ్రమ తెలియనిది కాదు. క్రీస్తునకు పూర్వము సుమారు 200 ప్రాంతమున అలెగ్జాండ్రియా గ్రంథాలయాధిపతియైన బైజాంటియము అరిస్టోఫనీసు, పంక్తికి అడుగున, నడుమ, పైన ఉంచు మూడు చుక్కలతో చిన్నదియు పెద్దదియునగు విరామములను సూచించు పద్ధతిని కల్పించెను. బిగ్గరగా చదువువాడు ఊపిరి ఎచ్చట తీసికొనవలెనో తెలుపుటయే వాని ప్రయోజనము. లాటిను మాతృభాష కాని ఐర్లండు సన్యాసులు 7, 8 శతాబ్దులలో పదములను విడదీసి వ్రాయుట నలవరచుటతో, చదువు నోటినుండి కంటికి మారుటకు దారి ఏర్పడెను.

1476లో వెస్ట్‌మినిస్టరున ముద్రణాలయమును నెలకొల్పిన విలియం కాక్‌స్టన్ ఏటవాలు గీతతోను, చుక్కలతోను పని జరుపుకొనెను. ఆ శతాబ్ది చివర వెనీసు నగరమున ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయమునుండి సెమికోలను వెలువడెను. ఆయన మనుమడు తరువాతి శతాబ్దిలో విరామచిహ్నముల పని వాక్యనిర్మాణమును విశదపరచుటయే యని సిద్ధాంతీకరించెను. అయినను ఊపిరి లెక్క అంత త్వరగా విడిచిపోలేదు. 1762లో రాబర్ట్ లౌత్ తన ఆంగ్లవ్యాకరణమున కామాకు సెమికోలను రెండింతలనియు, దానికి కోలను రెండింతలనియు, దానికి ఫుల్‌స్టాపు రెండింతలనియు నిర్ణయించి, ఈ నిష్పత్తిని సంగీతమునందలి స్వరకాల ప్రమాణముతో పోల్చెను. ఆ లెక్కన ఫుల్‌స్టాపు ఎనిమిది కామాల కాలము! ఇంత సూక్ష్మముగా కాలమును కొలిచి చదువువాడు లేకపోవుటచేతను, మౌనపఠనము ప్రబలుటచేతను, చిహ్నము క్రమముగా శ్వాసను వదలి అర్థమును ఆశ్రయించెను.

సర్వనామముల చరిత్ర ఇంతకంటె విచిత్రమైనది. ప్రాచీనాంగ్లమున నిర్జీవ వస్తువులకును వ్యాకరణలింగము కలదు: రాయి పుంలింగము, పుస్తకము స్త్రీలింగము, ఓడ నపుంసకము. కావున ఒక వాక్యమున రెండు వస్తువులు వచ్చినను, వానిని సూచించు సర్వనామములు రూపభేదముచేతనే వేరుపడుటకు అవకాశముండెను. కాలక్రమమున విభక్తి ప్రత్యయములు అరిగిపోయి, లింగభేదము నశించి, నిర్జీవములన్నియు ‘ఇట్’ అను నొక్క మాటకు లోబడెను. ‘అతడు’, ‘ఆమె’, ‘వారు’ అను అర్థములిచ్చు పాత రూపములు కొన్ని మాండలికములలో ఉచ్చారణచే ఒకదానినొకటి పోలి కలసిపోవుచుండగా, స్కాండినేవియా వలసజనుల భాషనుండి ‘దే’ అను బహువచనము వచ్చి చేరెను. 14వ శతాబ్దికి చెందిన చాసర్ మహాకవి కర్తగా ‘దే’ను గ్రహించియు, తక్కిన విభక్తులలో పాత రూపములనే వాడెను. సర్వనామమును పరభాషనుండి తెచ్చుకొనుట భాషలలో అరుదు. ఆంగ్లేయులు అందుకు వెనుదీయలేదు.

అయినను చిక్కు పూర్తిగా తీరలేదు. ‘ది మాస్టర్ టోల్డ్ ది సర్వెంట్ దట్ హి వుడ్ బి లేట్’ అను వాక్యమును చూడుడు. ఆలస్యమగునది యజమానికా, సేవకునికా? తెలుగున యజమాని యైనచో ‘తాను’ అనియు, సేవకుడైనచో ‘అతడు’ అనియు చెప్పి తప్పించుకొందుము. ఆంగ్లమున ఎన్ని కామాలు గ్రుచ్చినను సందేహము చెక్కుచెదరదు. నామమును మరల చెప్పవలెను, లేదా యజమాని పలుకులనే యథాతథముగా కొటేషన్ల నడుమ ఉంచవలెను. 1818లో ప్రకటితమైన విలియం కాబెట్ వ్యాకరణము ఈ విషయమున మిక్కిలి నిక్కచ్చిగా పలికినది. సైనికులకును, నావికులకును, నాగలిపట్టు పిల్లలకును ఉపకరించునట్లు కుమారునికి లేఖలరూపమున వ్రాసిన ఆ గ్రంథమున, ‘ఇట్’ అను మాటను కాగితముపై పెట్టుటకు ముందు అది దేనిని సూచించునో బాగుగా ఆలోచింపుమని అతడు హెచ్చరించెను. పేరుగన్న రచయితల వాక్యములనే తప్పులకు ఉదాహరణములుగా చూపెను.

అన్వయము సందిగ్ధమైనచో ప్రాణములమీదికే వచ్చుననుటకు 1916 నాటి రోజర్ కేస్‌మెంట్ విచారణయే నిదర్శనము. జర్మనీలో ఐరిష్ యుద్ధఖైదీలను బ్రిటనుకు వ్యతిరేకముగా కూడగట్టినందులకు ఆయనపై రాజద్రోహాభియోగము మోపబడెను. 1351 నాటి నార్మన్ ఫ్రెంచి శాసనమున ‘లేక అన్యత్ర’ (రాజ్యమునకు వెలుపల) అను మాట శత్రువులకు సహాయమొసగుటకు మాత్రమే అన్వయించునా, శత్రుపక్షమున చేరుటకును అన్వయించునా యని వాదము సాగినది. ఆ మాటచుట్టు విరామచిహ్నమేమైన కలదాయని న్యాయమూర్తులలో ఇరువురు స్వయముగా మూలశాసనమును పరిశీలించి వచ్చిరి. తుదకు వాదము నిలువక, ఆగస్టు 3న ఆయనకు ఉరిశిక్ష అమలు జరిగెను. కామా ఉరితీసిన మనిషియని లోకమున నానుడి మిగిలెను.

ఈ చరిత్రయంతయు బోధించునదొక్కటే: చిహ్నము వాక్యమునకు సేవకుడే కాని వైద్యుడు కాదు. ఆకాంక్ష (పదముల పరస్పరాపేక్ష), యోగ్యత (అర్థముల పొందిక), సన్నిధి (పదముల సామీప్యము) యను మూడు గుణములు కుదిరిననే పదసముదాయము వాక్యమగునని మన శాస్త్రకారులు చెప్పిరి. సర్వనామమునకు సంబంధించినంతవరకు సన్నిధియే ప్రాణము. కావున ఆంగ్లమున వ్రాయు మనవారు, ఆఫీసు ఉత్తరము వ్రాసినను, న్యాయస్థానమునకు అర్జీ వ్రాసినను, మొదట కామాలను తీసివేసి వాక్యమును చదువుకొని, ప్రతి ‘హి’, ‘ఇట్’, ‘దే’ ఏ నామమును పట్టుకొనియున్నదో చూడవలెను. పట్టు దొరకనిచో వాక్యమును విరిచి మరల కట్టవలెను; నామమును తిరిగి చెప్పుటకు సిగ్గుపడరాదు. అటుపిమ్మట పెట్టిన కామా అర్థమునకు వన్నె తెచ్చును. అంతకు ముందు పెట్టినది లోపమును కప్పిపుచ్చుటకే పనికివచ్చును.