గోదావరి డెల్టాలో వేట బోట్ల ఇంజిన్లు

ఉత్తరాన కాకినాడ నుంచి నైరుతిన అంతర్వేది దాకా, గోదావరి పాయలు సముద్రంలో కలిసే తీరంలో వేట పడవలకు ఇంజిన్లు బిగించడం 1950ల తరువాత మొదలై, రెండు మూడు దశాబ్దాల్లో మత్స్యకారుల బతుకునే మార్చేసింది. ద్రాక్షారామం నుంచి తూర్పు దారి పడితే ముందు యానాం, ఆపైన తాళ్ళరేవు, కోరంగి, మడ అడవులు, కాకినాడ రేవు వరసగా వస్తాయి. ఈ వ్యాసం ఆ పట్టీతో పాటు కోనసీమ వైపున్న భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది పల్లిపాలెం రేవుల్లో ఇంజిన్ల ఎంపిక ఎలా సాగిందో చెబుతుంది. ఏ ఇంజిను నిలిచింది, ఏది నిలవలేదు అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇంజిను కంపెనీ పట్టికలో కాక, రేవు లోతులోనూ ఒడ్డున ఉన్న మెకానిక్కు చేతిలోనూ దొరుకుతుంది.

ఇంజిన్లకు ముందు

ఈ తీరానికి పడవ కట్టడం కొత్త విద్య కాదు. కోరంగిలో పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో సముద్రపు ఓడలే కట్టేవారు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు ఆ రేవును దెబ్బతీశాయి. తాళ్ళరేవు చుట్టుపక్కల వడ్రంగులు మాత్రం చెక్క పడవల పని వదల్లేదు. తరువాత ఇంజిను బోట్లు వచ్చినప్పుడు వాటి కొయ్యపని తెలిసిన చేతులు ఇక్కడే సిద్ధంగా ఉండటానికి ఇదే కారణం.

వేటకు వాడిన పడవలు ప్రధానంగా మూడు రకాలు: దుంగలు కట్టిన తెప్ప, పలకల నావ, ముందుభాగం బూటులా పైకి లేచిన ధోని. ధోనులు గోదావరి మొగల్లోనూ కాకినాడ అఖాతంలోనూ తిరిగేవి. అన్నిటికీ తెరచాపా తెడ్లే ఆధారం. తెల్లవారుజామున నేల మీది నుంచి వీచే గాలితో బయటికి పోవడం, మధ్యాహ్నం సముద్రపు గాలి పట్టుకుని తిరిగి రావడం రోజువారీ లెక్క. గాలి పడిపోతే చేప ఒడ్డుకు చేరేలోపు చెడేది. నిల్వ చెయ్యడానికి ఐసు లేని ఆ రోజుల్లో ఇంజిను మీద మత్స్యకారులకు ఆశ పుట్టడానికి మొదటి కారణం వేగం మీద మోజు కాదు, పట్టిన చేప పాడవకుండా దక్కించుకోవాలన్న ఆరాటం.

తొలి డీజిల్ బోట్లు

1952 అక్టోబరులో భారత్, నార్వే, ఐక్యరాజ్యసమితి కుదుర్చుకున్న ఒప్పందంతో కేరళలోని నీండకరలో మరబోట్ల ప్రయోగాలు మొదలయ్యాయి. ఆ దశకంలోనే ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ పంపిన నౌకా రూపశిల్పి పాల్ జీనర్ లాంటి నిపుణులు భారత తీరానికి సరిపడే చిన్న బోట్ల నమూనాలు గీశారు. ఆంధ్ర తీరానికి మొదట వచ్చినవి పాబ్లో బోట్లుగా పేరుపడ్డాయి. ఎనిమిది తొమ్మిది మీటర్ల పొడవు, చిన్న డీజిల్ ఇంజిను, వలలు వేసి ఎత్తుకోవడానికి చాలినంత డెక్కు: అంతే. వీటిని ప్రణాళికా నిధులతో, సబ్సిడీ అప్పులతో మత్స్యకారులకు ఇచ్చారు. ఇంజిను నడపడం, విప్పి బిగించడం నేర్పడానికి శిక్షణా కేంద్రాలు పెట్టారు. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఆ పనిని ఇప్పటికీ చేస్తోంది.

ఈ తొలి బోట్లలో చాలావాటికి వచ్చిన ఇబ్బంది ఇంజిను శక్తిది కాదు, నిలిపే చోటుది. అడుగున ఫ్యాను (ప్రొపెల్లరు), దాని వెనక చుక్కాని ఉన్న బోటు ఇసుక ఒడ్డుకు ఎక్కలేదు. దానికి కాలవో రేవో కావాలి. అందుకే మెకనైజ్డ్ బోట్లు కాకినాడలోని జగన్నాథపురం ఉప్పుటేరు లాంటి చోట్ల గుమిగూడాయి. తెరిపి తీరం మీద ఉన్న ఊళ్ళు తెప్పలతోనే మిగిలిపోయాయి. తీరాన్ని రెండు తెగలుగా చీల్చిన ఈ తేడా ఈనాటికీ పూర్తిగా పోలేదు.

రొయ్య, లేలాండ్, పెద్ద బోట్లు

1960ల చివర నుంచి రొయ్యల ఎగుమతి పుంజుకుంది. 1972లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఏర్పడే నాటికి కాకినాడ, విశాఖల్లో ట్రాల్ వల ఈడ్చే బోట్లు పెరిగిపోతున్నాయి. వీటిని పాంఫ్రెట్, సొరా అన్న పేర్లతో పిలిచేవారు. 1980లలో వచ్చిన సోనా బోట్లు ఇంకా పెద్దవి. సుమారు 13 మీటర్ల పొడవు, ఐసు నింపుకునే గది, వారం దాకా సముద్రం మీద ఉండగల సామర్థ్యం, వాటికి తగ్గట్టు పెద్ద ఇంజిను.

వలవేసి ఆగే బోటుకూ వల ఈడ్చే బోటుకూ ఇంజిను అవసరం ఒకటి కాదు. ఆగి వేటాడే బోటు పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మాత్రమే డీజిల్ తాగుతుంది. ట్రాల్ బోటు రెండు మూడు నాట్ల వేగంతో, గంటల తరబడి నీటిలో బరువు లాగుతూనే ఉంటుంది. అందుకే ట్రాల్ బోట్ల ఖర్చులో సగానికి పైగా డీజిల్‌కే పోతుంది. దీనికి కిర్లోస్కర్, రస్టన్ లాంటి ఇంజిన్లు ముందు వచ్చినా తరువాతి కాలంలో అశోక్ లేలాండ్ గట్టిగా పాతుకుపోయింది. కారణం వెతికేవాళ్ళు జాతీయ రహదారి మీదికి చూడాలి. లేలాండ్ లారీలు తిరిగే దారిలో ప్రతి పట్నంలోనూ దాని పిస్టన్ రింగులు, బేరింగులు, ఇంజెక్టర్ నాజిళ్ళు దొరుకుతాయి. వాటిని విప్పి బిగించగల మేస్త్రీ దొరుకుతాడు. బోటు ఆగిపోతే దిగుమతి విడిభాగం కోసం నెల్లాళ్ళు ఎదురుచూసే స్తోమత యజమానికి లేదు. నమ్మకమైన ఇంజిను అంటే ఎప్పుడూ పాడవనిది కాదు, పాడైతే మర్నాటికి బాగయ్యేది. ఆ లెక్కలో ఈ ఎంపిక నూటికి నూరుపాళ్ళూ సరైనదే.

దాని పక్కనే ఒక తప్పు అలవాటు కూడా పెరిగింది. పాత లారీల నుంచి తీసిన ఇంజిన్లను సముద్రానికి తగ్గట్టు మార్చకుండానే బోట్లలో పెట్టడం. లారీ ఇంజినుకు రేడియేటర్ గాలి కావాలి, బోటులో ఆ గాలి ఉండదు. ఉప్పునీటిని నేరుగా ఇంజినులోకి తోడి చల్లబరిస్తే లోపల తుప్పు, ఉప్పుపొర పేరుకుంటాయి. సరైన పద్ధతి మంచినీటిని ఇంజినులో తిప్పి, ఆ నీటిని అడుగున బిగించిన గొట్టాలలోనో ఉష్ణ వినిమయ పేటికలోనో సముద్రపు నీటితో చల్లార్చడం. ఆ కాస్త ఖర్చు తప్పించుకోవాలని చూసినచోట రెండేళ్ళకే హెడ్డు పగలడం, సిలిండర్ లైనర్లు అరగడం మామూలైంది.

ఫ్యాను, గేరు, వేగం

ఇంధనం పొదుపు అనగానే యజమానులు ఇంజిను బ్రాండు గురించే అడుగుతారు. మంచి స్థితిలో ఉన్న ఏ డీజిల్ ఇంజినైనా ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.2 లీటర్లు తాగుతుంది. బ్రాండుల మధ్య తేడా ఇందులో చిన్న వంతే. అసలు తేడా నీటి కింద ఉంది.

చిన్న ఫ్యాను వేగంగా తిరగడం కన్నా పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరగడం చాలా మేలు. ఇంజిను నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంటే 3:1 గేరుబాక్సు పెట్టి షాఫ్టును 600 చుట్లకు దించవచ్చు. అప్పుడు అదే శక్తి ఎక్కువ నీటిని నెమ్మదిగా నెడుతుంది, వృథా తగ్గుతుంది. ట్రాల్ ఈడ్చే బోటుకు ఈ లాభం మరీ ఎక్కువ. 1930లలో జర్మనీకి చెందిన లుడ్విగ్ కోర్ట్ రూపొందించిన గొట్టపు కవచాన్ని ఫ్యాను చుట్టూ బిగిస్తే, ఈడ్చే వేగాల వద్ద లాగే బలం పావువంతు దాకా పెరుగుతుంది. అయితే పెద్ద ఫ్యాను పట్టాలంటే బోటు అడుగున చోటు, తేలడానికి నీటి లోతు ఉండాలి. ఇసుక మేటలు వేసే గోదావరి మొగల్లో ఆ లోతు పాటు సమయంలో దొరకదు. కాగితం మీద మంచిదైన ఫ్యాను ఇక్కడ నేలకు తగులుతుంది.

వేగం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. బోటు వేగానికి దాని పొడవే హద్దు. నీటి గీత వద్ద 9 మీటర్లున్న బోటుకు ఆ హద్దు సుమారు 7 నాట్లు. ఆ దగ్గరికి వచ్చాక ఎంత డీజిల్ పోసినా బోటు తాను లేపిన అలనే ఎక్కడానికి ప్రయత్నిస్తుంది తప్ప ముందుకు పోదు. కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి, పది శాతం నెమ్మదిస్తే గంట ఖర్చు నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. ప్రయాణం కొంచెం ఆలస్యమైనా మొత్తం మీద సుమారు ఐదో వంతు డీజిల్ మిగులుతుంది. ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన బంగాళాఖాత కార్యక్రమం కింద ఈ తీరంలో పనిచేసిన నౌకా రూపశిల్పి ఓయివిండ్ గుల్‌బ్రాండ్‌సెన్ 1986లో చిన్న వేట పడవల ఇంధన ఖర్చు మీద రాసిన పత్రం ఈ లెక్కలను మత్స్యకారుల భాషకు దగ్గరగా తెచ్చింది. అడుగున పాచి, నత్తగుల్లలు పట్టిన బోటు వెచ్చని సముద్రాల్లో ఆరు నెలలకు నలభై శాతానికి పైగా అదనంగా ఇంధనం తాగవచ్చన్న అంచనా కూడా ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురణల్లో ఉంది. యాంటీఫౌలింగ్ రంగుకు పెట్టే డబ్బు కొత్త ఇంజినుకు పెట్టే డబ్బు కన్నా త్వరగా తిరిగి వస్తుంది. సరంగులకు ఈ సంగతి తెలియక కాదు. రేవుకు ముందుగా చేరినవాడి సరుకుకే మంచి ధర దక్కే వేలంపాటలో నెమ్మదిగా వెళ్ళమని ఒక్క బోటుకు చెప్పడం కష్టం.

తెప్పకు ఇంజిను: లాంగ్‌టెయిల్

తెరిపి తీరం మీది ఊళ్ళ సమస్యను పట్టించుకున్నది 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం. స్వీడన్ నిధులతో, ఆహార వ్యవసాయ సంస్థ నడిపిన ఈ కార్యక్రమం ఒడ్డుకు ఎక్కే బోట్లను రూపొందించి ఆంధ్ర, ఒడిశా తీరాల్లో పరీక్షించింది. దాని ముఖ్యమైన ఆవిష్కరణ బాబ్ డ్రైవ్: ఇంజిను, షాఫ్టు, ఫ్యాను మొత్తం ఒకే పెట్టెలో ఉండి, అల విరిగే చోటికి రాగానే పైకి లేపేసే ఏర్పాటు. ఆలోచన గొప్పది. కానీ ఊరి వర్క్‌షాపులో తయారు చేయడానికి అందులో చిక్కుముళ్ళు ఎక్కువ.

నిలిచింది అంతకన్నా మోటైన మార్గం. గ్రీవ్స్ లాంబార్డిని లాంటి ఒంటి సిలిండరు, గాలితో చల్లబడే డీజిల్ ఇంజినుకు పొడవాటి ఇనుప షాఫ్టు, దాని కొసన చిన్న ఫ్యాను బిగించి పడవ వెనక ఇరుసు మీద పెట్టారు. ఇదే లాంగ్‌టెయిల్. చేత్తో పట్టుకుని తిప్పితే అదే చుక్కాని. మేట తగిలితే కాడ కిందికి నొక్కగానే ఫ్యాను పైకి లేస్తుంది. నీటిని లోపలికి తోడే పంపు లేదు కాబట్టి ఇసుక పట్టదు, ఉప్పు పట్టదు. ఎనిమిది పది హార్స్‌పవర్ దీనికి చాలు. గేరు లేకుండా వేగంగా తిరిగే చిన్న ఫ్యాను కాబట్టి తోసే సామర్థ్యం తక్కువ. మోత, అదురు చెవులకూ నడుముకూ భారం. అయినా రెండు స్ట్రోకుల కిరోసిన్, పెట్రోలు ఔట్‌బోర్డుల ఖర్చుతో పోలిస్తే అదే పనికి ఇంధనం దాదాపు సగం. కేరళలో జపాను ఔట్‌బోర్డులు రాజ్యమేలితే, ఆంధ్ర తీరంలో డీజిల్ లాంగ్‌టెయిల్‌కు పైచేయి దక్కింది. దుంగల తెప్ప స్థానంలో ఫైబర్ తెప్పలు వచ్చాక, ముఖ్యంగా 2004 సునామీ సహాయంగా ఫైబర్ పడవలూ ఇంజిన్లూ పంచాక, ఇది పల్లెపల్లెకూ చేరింది. డెల్టా తీరం మొత్తంలో నేలకు సరిగ్గా అమరిన ఇంజిను ఏదని అడిగితే, లోపాలన్నీ తెలిసి కూడా ఈ లాంగ్‌టెయిల్ పేరే చెప్పాలి.

1996 నవంబరు 6

ఆ సాయంత్రం కాకినాడకు దక్షిణాన, కోనసీమ మీదుగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వారిలో సముద్రంలో ఉన్న బోట్ల మీదివారు, భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాలవారు ఎందరో ఉన్నారు. హెచ్చరిక అందే రేడియో చాలా బోట్లలో లేదు. అందినా గాలికి ఎదురొడ్డి రేవు చేరే దారి అందరికీ లేదు. ఇంజిను నమ్మకం గురించి ఈ తీరంలో మాట్లాడేవాళ్ళకు డీజిల్ లెక్కకన్నా ముందు ఆ సాయంత్రం గుర్తుకొస్తుంది. తుపాను సమయంలో ఆగిన ఇంజిన్లకు ఎక్కువగా కారణమయ్యేవి పెద్ద లోపాలు కావు. ఊగిసలాటకు ట్యాంకు అడుగున చేరిన నీరు, మడ్డి పైకి లేచి ఫిల్టరును మూసేయడం, బ్యాటరీ తడిసి స్టార్టరు తిరగకపోవడం. నీటిని వేరుచేసే ఫిల్టరు, చేత్తో తిప్పి స్టార్టు చేసే వీలు ఉన్న ఇంజిన్లకు ఈ తీరంలో గౌరవం ఎక్కువ కావడానికి ఇదే మూలం.

డీజిల్ ధర, చట్టం, ఇప్పటి ఎంపికలు

1994 ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం వచ్చాక తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలి నీటిని సంప్రదాయ పడవలకు వదిలి మెకనైజ్డ్ బోట్లు బయటికి పోవాల్సి వచ్చింది. ఒడ్డున చేప తగ్గడంతో అవి ఇంకా దూరం పోతున్నాయి. దూరం పెరిగిన కొద్దీ హార్స్‌పవర్ పందెం కూడా పెరిగింది. వంద హార్స్‌పవర్ ఇంజినును ముప్పావు శక్తితో నడిపితే గంటకు 15 లీటర్లు. ఆరేడు రోజుల వేటకు బయల్దేరే బోటు నింపుకునే పీపాలను చూస్తే ఈ లెక్క బరువు తెలుస్తుంది. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేసింది. 2019 నవంబరు 21న ముమ్మిడివరం మండలంలో జరిగిన సభతో రాష్ట్ర ప్రభుత్వం బోట్లకు డీజిల్ సబ్సిడీని లీటరుకు 9 రూపాయలకు పెంచింది. పన్ను తక్కువైన యానాంలో డీజిల్ చౌక కావడం కూడా ఈ పక్క బోట్ల లెక్కల్లో ఒక భాగమే. సబ్సిడీ పేదవాడి వేటను నిలబెడుతుంది, అది కావలసిందే. దానితో పాటు గేరుబాక్సు, ఫ్యాను మార్చుకోవడానికి కూడా సాయం ఇచ్చి ఉంటే ఒక్కసారి పెట్టిన డబ్బు ఏళ్ళ తరబడి ఆదా అయ్యేది.

ప్రపంచం మొత్తం మీద 2000 సంవత్సరంలో వేట పడవలు దాదాపు 5000 కోట్ల లీటర్ల ఇంధనం కాల్చాయని, టన్ను చేపకు సగటున 620 లీటర్లు అయ్యాయని ఒక ప్రసిద్ధ అంచనా. భారతదేశపు మర, మోటారు పడవల వాటా అదే కాలానికి ఏటా 122 కోట్ల లీటర్లని కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ సంస్థే 2016లో సాగర్ హరిత అనే 19.75 మీటర్ల బోటును నీటిలోకి దించింది. దాని పైగది ఫైబర్‌ది కావడంతో బరువు తగ్గింది, ముక్కు ఆకారం నీటి నిరోధాన్ని తగ్గిస్తుంది, దీపాలకు సౌరశక్తి తోడు ఉంది.

కాకినాడ కుంభాభిషేకం రేవులో నిలిపే బోట్లు అంత కొత్తవి కావు, యజమానులు వాటిని రాత్రికి రాత్రి మార్చలేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలోనే ఇక్కడ ఇంజిన్లు విప్పుతారు. ఇంజెక్టర్లు పరీక్షకు పోతాయి, వాల్వులు గ్రైండు చేస్తారు, షాఫ్టు, ఫ్యాను ఒక వరసలో ఉన్నాయా అని చూస్తారు, అడుగు గీకి రంగు వేస్తారు. నల్లపొగ కక్కే బోటు అంటే గాలి చాలకో ఇంజెక్టరు చెడో, ఇంజినుకు మించిన ఫ్యాను పెట్టో, డీజిల్ పూర్తిగా కాలకుండా పోతోందని అర్థం. అనుభవమున్న మేస్త్రీ ముందు ఇంజిను చుట్లు కొలిచి, పూర్తి థ్రాటిల్‌లో కంపెనీ చెప్పిన చుట్లు అందుతున్నాయో లేదో చూస్తాడు. అందకపోతే ఇంజినును పెద్దది చెయ్యమని చెప్పడు. ఫ్యాను రెక్కల వాలు తగ్గించమంటాడు.