వేటకత్తి: పాత లారీ కమాను పట్టాతో కత్తి చేయు విధానము

వేటకత్తి యనగా అడవిలో దారి చేసికొనుటకును, వేటాడిన జంతువును కోయుటకును వాడు దళసరి వెన్ను గల కత్తి. తెలుగునాట గ్రామదేవత యెదుట వేట వేయు కత్తిని గూడ ఈ పేరుతోనే పిలుతురు. మలేసియా తోటలలో పుట్టిన మనకు పారాంగ్ అను మలాయ్ మాటయే ఎక్కువ అలవాటు. ఇంట కొబ్బరికాయ కొట్టుటకు, కొమ్మలు నరుకుటకు వాడు పెద్ద కత్తిని మన పెద్దలు మచ్చుకత్తి అనుచుండిరి. తోటలు చేతులు మారి, జనము పట్టణములకు తరలినప్పుడు ఈ కత్తులలో పెక్కు పాత ఇనుము వానికి తూకమునకు పోయినవి. వానితోబాటు చేయు విధానమును, పేర్లును మరపునకు వచ్చుచున్నవి. అందుచేత మాకు తెలిసినంత ఇచ్చట వ్రాసి ఉంచుచున్నాము.

కత్తి భాగములు, పనిముట్లు

కత్తికి దళసరిగా ఉండు పైభాగము వెన్ను. తెగు అంచు వాదర. కొన మొన. పిడిలోనికి దిగు సన్నని భాగము తోక. పిడి మొదట పగులకుండ తొడుగు లోహపు కట్టు పొన్ను. కత్తిని దాచు తొడుగు ఒర.

కమ్మరి నిప్పు రాజేయు చోటు కొలిమి. దానికి గాలి ఊదునది తిత్తి. కాలిన ఇనుమును పట్టునది పట్టకారు. దానిని ఉంచి కొట్టు దిమ్మ దాగలి. పెద్ద సుత్తి సమ్మెట. ఇనుమును అరగదీయు గరుకు పనిముట్టు ఆకురాయి. వాదర నూరు రాయి సాన.

తోటలలో ఈ పని

విశాఖ, శ్రీకాకుళము, గోదావరి ప్రాంతముల నుండి వచ్చిన మన పూర్వులలో అనేకులు దిగువ పేరాక్‌లోని బాగన్ దాతో కొబ్బరి తోటలలోను, ఇతర రబ్బరు తోటలలోను పనిచేసిరి. 1938లో భారత ప్రభుత్వము కూలీల వలసను నిలిపివేసెను. అప్పటికి ఇచ్చట ఉన్నవారు ఇచ్చటనే స్థిరపడిరి. 1917లో సెలాంగోర్‌లోని తెన్నమారం తోటలో వ్యాపార రీతిని మొదలైన నూనె తాటి సాగు క్రమముగా దేశమంతట వ్యాపించెను.

తోటపనికి కత్తి లేనిదే రోజు గడవదు. కలుపు నరుకుటకు, కాయ కొట్టుటకు, మట్టలు కోయుటకు అదియే ఆధారము. అడవిపందులు లేత నూనె తాటి మొక్కల మొదళ్లను పెకలించి తినివేయును గనుక, వానిని తరుముటకు వెళ్లువారి నడుమున గూడ ఒక కత్తి ఉండెడిది. అంగడి కత్తి కొనుటకు కూలి డబ్బు చాలనివారు విరిగిన లారీ కమాను పట్టాను తెచ్చి సాగగొట్టుకొనిరి. మలాయ్ కంపోంగులలో గూడ పారాంగులను ఇట్లే చేయుదురు. మన వారిలో కొందరు వారి కొలిముల వద్దనే ఈ పని నేర్చిరి. ఈ విద్య మనకు రెండు వైపుల నుండి వచ్చినదని ఒప్పుకొనుట న్యాయము.

తెలుగు నేలకు ఉక్కుతో పాత చుట్టరికము ఉన్నది. ఇప్పటి తెలంగాణలోని నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో కరగించి చేసిన ఉక్కును పారసీక వర్తకులు కొనిపోవుచుండిరి.

ఉక్కు ఎంపిక

ప్రతి ఇనుప ముక్కయు కత్తికి పనికిరాదు. ఉక్కు గట్టిపడుటకు దానిలో తగినంత కర్బనము ఉండవలెను. ఇల్లు కట్టు ఇనుప కడ్డీలలో కర్బనము తక్కువ గనుక ఎంత కాల్చి ముంచినను వాటి వాదర నిలువదు. లారీ కమాను పట్టాలలో సాధారణముగా 0.6 శాతము కర్బనమును, కొంచెము క్రోమియమును ఉండును. దెబ్బకు ఓర్చుకొను కత్తికి ఇది తగిన ఉక్కు. పాత ఆకురాళ్లలో కర్బనము 1 శాతమునకు పైబడి ఉండును. వానితో చిన్న కత్తులు చేయవచ్చును గాని, నరుకు కత్తి చేసినచో పెళుసుదనము భయము.

పట్టాను పాత ఇనుము అంగడిలో, బండి నుండి ఇదివరకే విప్పియున్న దానిని మాత్రమే తీసికొనవలెను. బండికి బిగించియున్న కమానును స్వయముగా విప్పరాదు. అది బిగువు మీద ఉండి ఎగిరి తగులవచ్చును. 6 నుండి 8 మిల్లీమీటర్ల మందము గల పట్టా చాలును. త్రుప్పు గీకి, కిరసనాయిలుతో తుడిచి, వెలుతురులో త్రిప్పి చూడవలెను. వెంట్రుకవంటి బీట కనబడినచో ఆ ముక్కను వదలివేయవలెను. జస్తపు పూత గల ఇనుమును కొలిమిలో పెట్టరాదు, దాని పొగ విషము.

చేయు విధానము

మొదట సుమారు 35 సెంటీమీటర్ల ముక్కను కోయవలెను. అందులో 10 సెంటీమీటర్లు తోకకు పోవును. కొబ్బరి చిప్పల బొగ్గు గాని, క్వాలా సెపెతాంగ్ బట్టీలలో కాల్చు మడకర్ర బొగ్గు గాని కొలిమికి శ్రేష్ఠము. కొలిమిని ఆరుబయటనే పెట్టవలెను. మూసిన గదిలో బొగ్గు గాలి ప్రాణాంతకము.

రెండవది, వంపు తీయుట. పట్టాను నారింజ రంగు వచ్చు వరకు కాల్చి, దాగలి మీద కొట్టి చదును చేయవలెను. ఎరుపు తగ్గిన పిమ్మట కొట్టరాదు, మరల కాల్చవలెను. తోకను, మొనను, వాదర వైపు వాలును ఈ దశలోనే సాగగొట్టుదురు.

మూడవది, మెత్తబరచుట. కత్తిని ఎర్రగా కాల్చి, పొడి కట్టెల బూడిదలో పూడ్చి, రాత్రియంతయు వదలివేయవలెను. మరునాటికి ఆకురాయి చక్కగా పట్టును. అప్పుడు రూపము దిద్దవలెను. వాదరను ఇప్పుడే పదునుగా చేయరాదు. ఒక మిల్లీమీటరు మందము ఉంచవలెను, లేనిచో ముంచునప్పుడు వంకరపోవును లేదా బీటలువారును.

నాలుగవది, ఉక్కు లోపలి బిగువు తీయుట. కత్తిని అయస్కాంతము అంటనంత వరకు కాల్చి, కదలని గాలిలో నల్లబడు వరకు చల్లార్చవలెను. ఇట్లు మూడు మారులు చేయవలెను. సుమారు 770 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉక్కు అయస్కాంతమునకు అంటదు. ఉష్ణమాపకము లేనివారికి ఇదియే గుర్తు.

ఐదవది, గట్టిపరచుట. అయస్కాంతము అంటని స్థితి దాటిన తరువాత మరికొంచెము కాల్చి, అనగా 830 డిగ్రీలు దాటు నారింజ రంగు సమముగా వచ్చిన వెంటనే, కత్తిని నూనెలో నిలువుగా ముంచవలెను. ప్రక్కలకు ఊపరాదు. నూనెను ముందుగా 50, 60 డిగ్రీల వరకు వెచ్చజేసికొనవలెను. మన వంటింటి నూనె తాటి నూనెయే చాలును. నూనె ఇనుప పాత్రలో ఉండవలెను, దానికి సరిపోవు మూత దగ్గర ఉండవలెను. మంట లేచినచో మూత వేయవలెను గాని నీరు పోయరాదు. కత్తిని సైతము నీటిలో ముంచరాదు, ఈ ఉక్కు నీటిలో పగులును. చల్లారిన పిమ్మట ఆకురాయి పట్టక జారినచో గట్టిపడినట్లే.

ఆరవది, పదను తగ్గించుట. దీనిని అదే దినము చేయవలెను. నల్లని పొర గీకి, మెరయు కత్తిని 220 డిగ్రీల వద్ద ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మరల రెండు గంటలు ఉంచవలెను. అప్పుడు ముదురు గడ్డి రంగు వచ్చును. ఈ వేడి పెళుసుదనమును తీసి, కత్తికి ఓర్పునిచ్చును.

ఏడవది, పిడియు వాదరయు. పనస లేదా జామ కర్రను ఆరబెట్టి, తొలిచి, పొన్ను తొడిగి, కరగిన లక్క పోసి తోకను దింపుదురు. చివర సాన మీద నీరు చల్లుచు వాదర తీయవలెను. నీలిరంగు తేలినచో అచ్చట పదను పోయినట్లే.

మా పొరపాటు

మా బృందము మొదట చేసిన కత్తికి ఆరవ మెట్టును వదలివేసితిమి. ఆకురాయి జారుచున్నది, ఇంక ఏమి కావలెనని తొందరపడితిమి. దేవాలయ ఉత్సవమునకు కొబ్బరికాయలు కొట్టుచుండగా వాదర నుండి గోరంత ముక్క ఎగిరి, కాయ పట్టుకొన్న యువకుని ముంజేతిలో దిగెను. మూడు కుట్లు పడినవి. కన్ను తప్పినది దైవకృప. దోషము ఉక్కుది కాదు, మాది. ఆ కత్తిని మేము పారవేయలేదు. నేర్చుకొన వచ్చువారికి మొదట దానినే చూపుచున్నాము. కండ్లద్దములు, తోలు బూట్లు, నూలు బట్టలు లేనివారిని కొలిమి దగ్గరకు రానీయము.

చట్టము

మలేసియాలో 1958 నాటి చట్టము తగిన కారణము లేక బహిరంగ స్థలమున ఇట్టి ఆయుధమును వెంట ఉంచుకొనుటను నేరముగా ఎంచును. తోటపనికి తీసికొనిపోవునప్పుడు గూడ ఒరలో పెట్టి, చుట్టి, పనిచోటనే తీయుట మంచిది. వేటకు 2010 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి పత్రము కావలెను. కత్తి చేయుట వచ్చినంత మాత్రమున వేటాడు హక్కు రాదు.

కాపాడు విధము

మన వాతావరణము తడి. వాడిన వెంటనే తుడిచి, పలుచగా కొబ్బరినూనె రాయవలెను. తోలు ఒరలో ఎక్కువ దినములు ఉంచరాదు, త్రుప్పు పట్టును. దసరా ఆయుధపూజ నాడు కత్తులను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, అమ్మవారి ముందు ఉంచుదురు. ఆ దినము వానిని వాడరు.

మీ ఇండ్లలో తాతల నాటి కత్తి ఉన్నచో దానిని సాన పట్టుటకు ముందు పెద్దలను అడుగుడు. ఎవరు చేసిరి, ఏ తోటలో, ఏ పట్టాతో చేసిరి అని తెలిసికొని, ఆ మాటలను తెలుగులోనే వ్రాసి పెట్టుడు. త్రుప్పును గీకి తీయవచ్చును, మరచిన పేరును అట్లు తీయలేము.