కృష్ణాతీర వసంతయాత్ర

తెలుగువారికి సమూహయాత్ర క్రొత్త కాదు. 1830వ సంవత్సరము మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరినప్పుడు, బంధువులు, పరిచారకులు, బోయీలు కలసి నూరుమందికి పైబడిన పరివారము ఆయనను వెంబడించినది. మరల స్వగృహము చేరుసరికి 1831 సెప్టెంబరు వచ్చినది. దారి పొడవునను తాను చూచిన సత్రములను, రేవులను, ఆలయములను, జనుల నడవడిని ఆయన శ్రద్ధతో వ్రాసియుంచుటచేత, ఒక గృహస్థుని తీర్థయాత్ర జాతికంతకు చరిత్ర గ్రంథమైనది.

అయితే అన్నినెలలపాటు పల్లకీలో దేశము చుట్టిరాగల కలిమి యెందరికి గలదు? ఆ భాగ్యమును సామాన్యునకు ప్రసాదించినది బస్సు. నిజాము రాష్ట్రమున రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో ఆరంభమైనది. అదియే రూపాంతరములు చెంది 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా వెలసినది. బస్సు పల్లెదారుల నందుకొన్నకొలది, పైరులు ఇంటికి చేరి ఎండలింకను ముదరని ఫాల్గుణ చైత్రములయందు, ఊరివారో బడిపిల్లలో కలసి ఒక బస్సు మాట్లాడుకొని, పులిహోర మూటలతోను మంచినీటి కూజాలతోను తెల్లవారుజామున బయలుదేరి, పురాతన స్థలములను దర్శించి వచ్చుట ఆచారమైనది.

అట్టి యాత్రకు కృష్ణాతీరమును మించిన క్షేత్రము తెలుగునాట లేదని నా విశ్వాసము. కాని ఈ తీరమునకొక విశేషము గలదు: ఇచ్చట నిలిచియున్నదానికంటె తరలిపోయినదే యధికము. ఆ సంగతి నెరుగక వచ్చినవాడు మట్టిదిబ్బను చూచి నిరాశతో మరలును. ఎరిగి వచ్చినవాడు అదే దిబ్బయెదుట రెండువేల యేండ్లనాటి వైభవమును భావించుకొనగలుగును.

విజయవాడకు ఎదుటి యొడ్డున ఉండవల్లి గుహాలయము కొండతోనే పుట్టినది గావున చెక్కుచెదరలేదు. నాలుగంతస్తులుగా తొలిచిన ఆ కొండలో ఏకశిలయందు పవళించిన అనంతపద్మనాభుని నేటికిని చూడవచ్చును. అమరావతి కథ వేరు. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు ధరణికోట చెంత క్రొత్త పట్టణమును కట్టించుచుండగా, దీపాలదిన్నెయను దిబ్బను రాళ్లకొరకు త్రవ్విరి, శిల్పఫలకములు బయల్పడినవి. ఆ వార్త విని కర్నల్ మెకంజీ 1797లో వచ్చి చూచెను. ఆయన 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించునాటికి ఎన్నియో ఫలకములు గోడలలోను చెరువు మెట్లలోను కలసిపోయి యుండెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిలలు మొదట మద్రాసునకును, పిమ్మట వానిలో పెక్కు 1859లో లండనునకును తరలినవి. శాతవాహనుల కాలమున ఆ దిబ్బ స్థానమున నిలిచిన మహాచైత్యమను బౌద్ధస్తూపమెట్లుండెనో తెలుపు శిల్పఫలకము నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియమున గలదు. బుద్ధుని పాదములకు మదగజము తలవంచిన ప్రఖ్యాత శిల్పము చెన్నై ప్రదర్శనశాలలో గలదు. అవి వెలసిన నేలపై స్తూపపు అడుగుభాగము మాత్రమే మిగిలినది. భట్టిప్రోలు స్థితియు నట్టిదే. స్తూపపు ఇటుకలు రోడ్లకును, చలువరాళ్లు కాలువ కట్టడములకును పోగా, 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వి తీసిన ధాతుకరండములపై లిపి దక్షిణాపథపు వ్రాతల చరిత్రకు మూలాధారములలో నొకటియైనది.

ఇక నాగార్జునకొండ. మాచర్ల దాటి, పల్నాటి వీరుల నేలమీదుగా సాగిన బస్సు జలాశయపు టొడ్డున నాగును. ఆ నీటి యడుగుననే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి యున్నది. శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీ యిచ్చట మహాచైత్యమును నెలకొల్పెను; బోధిశ్రీయను ఉపాసిక సింహళమునుండి వచ్చిన భిక్షువుల కొరకు చైత్యగృహమును కట్టించెను. దూరదేశములవారు గుంపులుగా ఈ లోయకు వచ్చి చదివి, వాదించి, మరలిరన్నమాట. 1926లో లోకమునకు తెలిసిన ఈ స్థలమున లాంగ్‌హర్స్టు 1927 మొదలు 1931 వరకు త్రవ్వకములు జరిపెను. ఈ జలాశయమును నిలుపు ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. అంతకు ముందే, నీరు ముంచునన్న యెరుకతో, రాయప్రోలు సుబ్రహ్మణ్యము నాయకత్వమున 1954 మొదలు 1960 వరకు లోయనంతటిని పరిశోధించి, ముఖ్యమైన కట్టడములను కొన్నిటిని కొండమీదికిని ఒడ్డుననున్న అనుపునకును చేర్చి పునర్నిర్మించిరి. అమరావతిలో నిర్లక్ష్యము శిలలను చెదరగొట్టినది. ఇచ్చట రైతు పొలమునకు నీరు కావలసి, ఆలోచించి చేసిన త్యాగము వానిని కదలించినది. ఈ భేదమును గ్రహించుటయే ఈ యాత్రకు పరమప్రయోజనము.

కావున వసంతయాత్రకు పూనుకొను పెద్దలకు నా మనవి. ఒక్క పగటిలో పది స్థలములను ముట్టివచ్చుటకంటె రెంటిని నిదానముగా చూచుట మేలు. బయలుదేరుటకు ముందు చరిత్ర నెరిగినవారొకరు ప్రయాణికులకు ఆ స్థలముల కథ చెప్పవలెను. తరలిపోయిన శిల్పముల ఛాయాచిత్రములను వెంట గొనిపోయి, అవి నిలిచియుండిన చోటనే పిల్లలకు చూపవలెను. రాతిపై పేరు చెక్కుటగాని, పెంకొక్కటియైన జేబున వేసికొనుటగాని కూడదని ముందుగా బోధింపవలెను. మిగిలినది స్వల్పము; దానిని కాపాడుట మనవంతు.